బకెట్ నిండేలోపు

ఆ వేసవిలో మిల్లు సైరన్ మోగలేదు. మిల్లు గేటుకి తాళం పడింది, అందులో అన్నయ్య ఉద్యోగం ఊడింది, ఆ వెంటనే మా డ్యామ్ మీదకి బోట్లు వచ్చాయి. మూడూ నెల తిరక్కుండానే జరిగిపోయాయి. అమ్మ ఇప్పటికీ దాన్ని "బోట్లొచ్చిన ఏడు" అంటుంది, ఏదో శుభకార్యం జరిగిన ఏడాదిలాగా. నాన్న అసలు ఆ ఊసే ఎత్తడు. ఇంక చెప్పడానికి మిగిలింది నేనే కాబట్టి చెబుతున్నాను.

డ్యామ్ అంటే మీరేదో పెద్ద గేట్లూ, నురగలు కక్కే నీళ్ళూ ఊహించుకునేరు. అంత సీను లేదు. రెండు గుట్టల మధ్య మట్టి పోసి, రోలరుతో తొక్కించి వేసిన కట్ట. నీళ్ళ వైపు రాళ్ళు పరిచారు, ఇవతలి వైపు గడ్డి మొలిచింది. నీళ్ళు కిందికి వదలడానికి ఒక తూము, దాన్ని ఎత్తడానికి చేత్తో తిప్పే చక్రం. నాన్న ఆ కట్టకి కాపలాదారు. మా క్వార్టర్స్ కట్ట అడుగునే, రెండు గదులు. అంటే నీళ్ళు ఎప్పుడూ మా ఇంటి కప్పు కన్నా ఎత్తున ఉండేవన్నమాట. వంటింటి కిటికీలోంచి చూస్తే ఆకాశానికి బదులు గడ్డి కనబడేది. చిన్నప్పుడు నాకు అందులో వింతేమీ తోచలేదు. అందరి ఇళ్ళూ నీళ్ళ కిందే ఉంటాయనుకునేదాన్ని.

మట్టి కట్ట అన్నాక ఊట ఉంటుంది. ఊరని మట్టికట్ట లేదనేవాడు నాన్న. ఆ ఊటంతా కట్ట అడుగున ఒక ఇనప గొట్టంలోంచి బయటికొచ్చి చిన్న కాలువలో కలిసేది. రోజూ పొద్దున ఆరింటికి నాన్న ఆ గొట్టం కింద బకెట్ పెట్టి లెక్క మొదలుపెట్టేవాడు. ఒకటీ, రెండూ, మూడూ అంటూ బకెట్ నిండి పొర్లే క్షణానికి ఏ అంకె మీద ఉంటే ఆ అంకెని నోటు పుస్తకంలో తేదీ పక్కన రాసేవాడు. తర్వాత గాజు గ్లాసులో నీళ్ళు పట్టి వెలుతురుకెత్తి చూసేవాడు, మట్టి రంగు తిరిగాయేమోనని. అప్పుడుగానీ టీ ముట్టేవాడు కాదు. డ్యామ్ నిండుగా ఉంటే లెక్క నలభై. నీళ్ళు తగ్గేకొద్దీ ఊట సన్నబడి లెక్క పెరిగేది. నిండు డ్యామ్‌కి నలభై కన్నా తగ్గిందంటే మాత్రం కట్ట లోపల నీళ్ళు కొత్త దారి చేసుకుంటున్నట్టు. ఇరవై రెండేళ్ళలో అలా ఎప్పుడూ తగ్గలేదు.

వాచీ లేదా అని అడుగుతారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆఫీసు వాళ్ళు ఒకటి ఇచ్చారట. అది నీళ్ళలో పడిపోయింది. ఇంకోటి కావాలంటే రాసి పంపించమన్నారు. నాన్న రాసి పంపించాడు. ఆ తర్వాత ఇరవై రెండేళ్ళూ నోటితోనే లెక్క.

నాకు అంకెలు నేర్పింది కూడా ఆ గొట్టం దగ్గరే. బకెట్ కడిగి పెట్టుకునేసరికి మిల్లు సైరన్ మోగేది. సైరన్ మొదలవగానే ఇద్దరం లోలోపల లెక్కపెట్టాలి, ఆగగానే ఎవరి అంకె వాళ్ళు చెప్పాలి. తేడా వస్తే తప్పు నాదే. నా రెండో తరగతి అంతా ఆ ఆటతోనే గడిచింది. పెద్దయ్యాక మానేశాను. సైరన్ మాత్రం మానలేదు, ఆ వేసవి దాకా.

బోట్లు లారీలో వచ్చాయి. తెల్లవి ఆరు, బాతు ఆకారంలో తొక్కేవి నాలుగు. వాటితో పాటు నల్ల కళ్ళద్దాల కాంట్రాక్టర్ ఒకాయన దిగాడు. మేమంతా బోట్ల సారు అనేవాళ్ళం. డ్యామ్‌ని విహారస్థలం చేస్తున్నారనీ, కట్ట మీద బెంచీలూ, కట్ట అడుగున పిల్లల పార్కూ వస్తాయనీ చెప్పాడు. ఏటా వేసవిలో డ్యామ్ సగానికి దిగిపోయేది. ఈసారి దిగనివ్వలేదు. కింద పొలాలు ఇళ్ళ స్థలాలై చాలా కాలమైంది, నీళ్ళు అడిగే నాథుడు లేడు. పైనున్న కాలువ నీళ్ళు మళ్ళించి, తూము బిగించి, ఎండలు మండిపోతున్నా డ్యామ్‌ని అంచు దాకా నిండుగా ఉంచారు.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, మా ఇల్లు ఒక్కసారిగా కళకళలాడింది. మూల కూర్చుని గోళ్ళు కొరుక్కుంటున్న అన్నయ్యని బోట్ల సారు పిలిచి పనిచ్చాడు. ఖాకీ చొక్కా ఇచ్చి, మెడలో ఈల వేశాడు. అమ్మ గేటు పక్కన టీ కొట్టు పెట్టింది. పెళ్ళైన దగ్గర్నుంచీ ఆ కట్ట కింద నాన్న మొహం, మా మొహాలూ తప్ప చూడని మనిషి, రోజుకి రెండొందల మందికి టీ పోస్తూ వాళ్ళ ఊళ్ళూ, పిల్లల చదువులూ కనుక్కుంటుంటే గాలిలో తేలిపోయింది. నాకు కుట్టు మిషన్ ఉంది కదా, లైఫ్ జాకెట్ల పని నాకు తగిలింది. ఎక్కడో వాడి వదిలేసిన జాకెట్లు, సగానికి పట్టీలు తెగిపోయాయి, కొన్నిటికి బకిల్ లేదు. అవన్నీ కుట్టి, బకిల్స్ వేసి, చేత్తో లాగి లాగి చూసి పంపించేదాన్ని. జనం వాటిని వేసుకుంటారా అంటే వేసుకోరు. ఫొటోల్లో లావుగా పడతామని కింద వేసుకుని కూర్చునేవాళ్ళు. అన్నయ్యే వేసుకునేవాడు కాదు.

"నువ్వు కుట్టినవే కదా, కూర్చుంటే మెత్తగా ఉన్నాయి," అనేవాడు నన్ను ఉడికిస్తూ.

మొదటిసారి నాన్న టీ తాగకుండా బకెట్ పక్కన అలాగే కూర్చుండిపోయిన రోజు నాకు గుర్తుంది. నేను వెళ్ళి ఏమైందంటే పుస్తకం చూపించాడు. ముప్పై ఏడు. మూడుసార్లు పట్టాడట, మూడుసార్లూ అంతేనట. గ్లాసులో నీళ్ళు మాత్రం తేటగా ఉన్నాయి. బకెట్ వంకరపోయిందేమో అన్నాను. బకెట్ తిప్పి చూశాం, బాగానే ఉంది. వారం తిరిగేసరికి ముప్పై ఆరు, ఇంకో పది రోజులకి ముప్పై నాలుగు. ఆ అంకెలు చూస్తుంటే, జ్వరం మనిషి పక్కన కూర్చుని థర్మామీటరు చూస్తున్నట్టు ఉండేది నాకు.

భోజనాల దగ్గర నాన్న ఆ మాట తెచ్చేసరికి అన్నయ్య మొహం మాడిపోయింది. నీళ్ళు ఒక మనిషి లోతు తగ్గించాలని నాన్న అంటాడు. అంత తగ్గిస్తే బోట్లు బురదలో కూర్చుంటాయని అన్నయ్య అంటాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. అమ్మ ఎటూ మాట్లాడలేక గిన్నెలు సర్దుకునేది. ఒకసారి మాత్రం నాన్న బయటికి వెళ్ళాక నాతో, ఆయనకి జనం అంటే ముందునుంచీ గిట్టదు, అందుకే ఇదంతా, అంది. అని వెంటనే నాలుక కరుచుకుంది.

నాన్న ఆఫీసుకి మూడుసార్లు వెళ్ళాడు. రెండుసార్లు ఇంజనీరు లేడు. మూడోసారి ఉన్నాడు, కూర్చోబెట్టి టీ ఇప్పించాడు, రెండు రోజుల్లో వచ్చి చూస్తానన్నాడు. అన్నట్టే వచ్చాడు కూడా. చిన్నవాడు, మర్యాదస్తుడు. అదే వచ్చిన చిక్కు. కసురుకునే మనిషైతే కనీసం కోపమైనా తెచ్చుకోవచ్చు కదా.

నోటు పుస్తకాలన్నీ ట్రంకు పెట్టెలోంచి తీయించి, గొట్టం పక్కన బండ మీద కూర్చుని ఓపిగ్గా తిరగేశాడు. ఇన్నేళ్ళు ఒక్క రోజు కూడా మానకుండా రాశారా అని నాన్నని మెచ్చుకున్నాడు. నాన్న మొహం చిన్న పిల్లాడి మొహంలా వెలిగింది. బోట్ల సారు కూడా వచ్చి నిలబడ్డాడు. అన్నయ్య కాస్త దూరంగా, మెడలో ఈల వేళ్ళతో తిప్పుకుంటూ ఉన్నాడు. ఇంజనీరు ఫోన్ తీసి, మీరు లెక్కపెట్టండి పెద్దాయనా, నేను ఇందులో టైం చూస్తాను అన్నాడు.

బకెట్ పెట్టాం. నాన్న ఎప్పటిలాగే లెక్కపెట్టాడు. పొర్లేసరికి ముప్పై మూడు.

ఇంజనీరు ఫోన్ చూసి, ఇంకోసారి పట్టమన్నాడు. మళ్ళీ ముప్పై మూడే. అప్పుడు పుస్తకం తెరిచి నాన్న ముందు పెట్టాడు.

"ఇందులో ఇన్నేళ్ళుగా ఏముంది? నలభై. ఇప్పుడు బకెట్ నిండటానికి నా ఫోన్లో ఎన్ని సెకన్లు పట్టిందో తెలుసా? నలభై ఒకటి. మరి ఏం మారినట్టు?"

"నేను ముప్పై మూడు లెక్కపెట్టాను బాబూ," అన్నాడు నాన్న.

"అదే చెబుతున్నాను. సరే, బకెట్ వద్దు. ఊరికే లెక్కపెట్టండి, నిమిషం అవగానే చెబుతాను."

నాన్న కళ్ళు మూసుకుని లెక్కపెట్టాడు. మేమంతా చుట్టూ నిలబడ్డాం. కట్ట మీద ఎవరో పిల్లలు అరుస్తున్నారు. ఫోన్ కుయ్యిమంది. ఎంతొచ్చిందని ఇంజనీరు అడిగాడు.

"నలభై ఎనిమిది."

"అరవై రావాలి కదా."

ఇంజనీరు నాన్న భుజం మీద చెయ్యి వేశాడు. వయసు మీద పడితే అన్నీ నెమ్మదిస్తాయనీ, వాళ్ళ నాన్నగారు కూడా ఇప్పుడు అన్నం తినడానికి గంట తీసుకుంటున్నారనీ చెప్పాడు. తర్వాత అన్నాడు, "ఊట పెరగలేదు పెద్దాయనా. మీ లెక్క మెల్లబడింది."

లెక్క చూస్తే అచ్చు గుద్దినట్టు సరిపోయింది. మెల్లబడ్డ మనిషి ముప్పై మూడు లెక్కపెడితే నలభై ఒక్క సెకన్లు. బోట్ల సారు నవ్వాడు. నాకు ఒళ్ళు మండి ముందుకొచ్చాను. నాన్న లెక్క మొదటినుంచీ ఇంతే సార్, ఎప్పుడూ ఇలాగే పెడతాడు అన్నాను.

"ఎప్పుడూ అంటే? అప్పట్లో ఎవరైనా వాచీ పెట్టి చూశారా అమ్మా?"

ఎవరు చూశారు, ఎవరూ చూడలేదు. నేను కూడా లెక్కపెట్టాను సార్, నాకూ ముప్పై మూడే వచ్చింది అన్నాను.

"నీకు లెక్కపెట్టడం నేర్పిందెవరు?"

"నాన్నే."

ఇంజనీరు ఇంకేమీ అనలేదు. అనక్కర్లేకపోయింది. గ్లాసులో నీళ్ళు వెలుతురుకెత్తి చూసి, చూడండి ఎంత తేటగా ఉన్నాయో, మట్టి రంగు కనబడితే ఏ వేళైనా సరే నాకు ఫోన్ చెయ్యండి అని నంబరు ఇచ్చి వెళ్ళాడు. ఆ నంబరు నాన్న పుస్తకం అట్ట మీద రాసుకున్నాడు.

ఆ రోజు నుంచి నాన్న వేరే మనిషైపోయాడు. ఊటని వదిలేసి తనని తాను కాపలా కాయడం మొదలుపెట్టాడు. నడుస్తూ నడుస్తూ ఆగి, నేను మెల్లగా నడుస్తున్నానా అని అడిగేవాడు. భోజనం మధ్యలో అమ్మ వైపు చూసి, నేను తినడం మెల్లబడిందా అనేవాడు.

"మెల్లగా కాదు, అన్నం ముందు పెట్టుకుని కట్ట వైపు చూస్తూ చల్లారబెట్టుకుంటున్నారు," అంది అమ్మ. నవ్వించాలనే అంది పాపం. ఎవరూ నవ్వలేదు.

నా ఫోన్ అడిగి తీసుకుని, నిమిషానికి అరవై వచ్చేలా లెక్కపెట్టడం నేర్చుకోబోయాడు. గొట్టం దగ్గరికి వెళ్ళేసరికి పాత లెక్కే వచ్చేది. ఫోన్ చూసి రాద్దామంటే పాత పుస్తకాలతో దేన్ని పోల్చాలి? ఇరవై రెండేళ్ళ అంకెలూ ఆయన నోట్లోంచి వచ్చినవే. ఆ నోరే నమ్మకం లేనిదైపోయాక పుస్తకాలన్నీ ఉత్త కాగితాలు. ఆ ముక్క నాన్న నాతో పైకి అనలేదు. ఒకరోజు వాటిని తిరిగి ట్రంకు పెట్టెలో పెడుతూ, ఒక్కొక్కటే తుడిచి పెట్టాడు.

ఆపైన గొట్టం కూడా పోయింది. పార్కులో ఉయ్యాలలు వేశారు. గొట్టం నీళ్ళకి అక్కడ తడిగా ఉంటోందని బోట్ల సారు దానికి ఇంకో పైపు అతికించి, భూమిలో పాతించి, దూరంగా వాగులోకి కలిపించాడు. పైన సిమెంటు చేసి బెంచీ వేశాడు. ఇంజనీరు కూడా సరేనన్నాడట, ఊట మూసెయ్యట్లేదుగా, పక్కకి మళ్ళిస్తున్నారు అంతే అని. ఆ చివర వాగు నీళ్ళలో మునిగి ఉంది, బకెట్ పెట్టే వీల్లేదు. మర్నాడు పొద్దున ఆరింటికి నాన్న అలవాటు కొద్దీ బకెట్ పట్టుకుని వెళ్ళి, బెంచీ దాకా వెళ్ళి, కాసేపు నిలబడి వెనక్కి వచ్చాడు. అమ్మ ఏమీ అనకుండా టీ ఇచ్చింది.

తొలకరి పడింది. వాన వెలిసిన ఆదివారం పొద్దున నేను జాకెట్లు ఇవ్వడానికి వెళ్తుంటే నాన్న ఉయ్యాల పక్కన గొంతుక్కూర్చుని నేల తడుముతున్నాడు. చాప వేసినంత మేర గడ్డి చిత్తడిగా ఉంది. ముందు రోజు వానకి తడిసిందేమో అన్నాను. చుట్టుపక్కలంతా ఆరిపోయి ఇక్కడొక్కచోటే ఎందుకుంటుంది అన్నాడు. కాలితో నొక్కితే నీరు పైకి ఉబికింది. నాన్న అట్ట మీది నంబరుకి ఫోన్ చెయ్యమన్నాడు. నాలుగుసార్లు చేశాను, ఎత్తలేదు. అప్పటికే గేటు దగ్గర జనం మొదలయ్యారు.

నాన్న కట్ట ఎక్కాడు, వెనకాలే నేను. తూము చక్రానికున్న గొలుసు తాళం తీస్తుంటే, ఆర్డరు లేకుండా తిప్పకూడదు కదా నాన్నా అన్నాను.

"తెలుసమ్మా," అన్నాడు.

తెలిసే తిప్పాడు. చక్రం తిరిగినన్ని చుట్లూ పైకే లెక్కపెట్టాడు, ఎవరో వినాలన్నట్టు. పూర్తిగా ఎత్తాక గొలుసు మళ్ళీ వేసి, తాళం వేసి, చెవి నడుముకి దోపుకుని అక్కడే కూర్చున్నాడు. కింద వాగులోకి నీళ్ళు దూకుతున్న చప్పుడు నా కాళ్ళకి తెలుస్తోంది. బోట్ల సారు వచ్చి మొదట బతిమాలాడు, తర్వాత అరిచాడు, ఆ తర్వాత ఎవరెవరికో ఫోన్లు చేశాడు. నాన్న తాళంచెవి ఇవ్వలేదు. సాయంత్రానికి ఒడ్డున రాళ్ళు తేలాయి. బాతు బోట్లు పక్కకి ఒరిగి బురదలో కూర్చున్నాయి. మంచి బట్టలు వేసుకుని వచ్చిన జనం చెప్పులు చేత్తో పట్టుకుని మోకాళ్ళ లోతు బురదలో ఒడ్డుకి నడిచారు. అన్నయ్య నడుముకి తాడు కట్టుకుని ఒక్కో బోటూ లాగాడు. నాన్న కళ్ళ ముందునుంచే లాగాడు, తల మాత్రం ఎత్తలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఇంజనీరు వచ్చాక నాన్న తాళంచెవి ఆయన చేతిలో పెట్టాడు. చిత్తడి నేలని తవ్వించారు. మూడడుగులు తవ్వేసరికి పార్కు కుళాయి పైపు కనబడింది. అతుకు ఊడి, అందులోంచి నీళ్ళు కారుతున్నాయి. కుళాయి కట్టేస్తే రెండు రోజుల్లో నేల గట్టిపడింది. అంతే సంగతి.

బోట్ల సారు పగలబడి నవ్వాడు. ఇంజనీరు నవ్వలేదు, అందుకు ఆయన్ని మెచ్చుకోవాలి. నాన్నకి తలకొట్టేసినట్టయింది. గుంట పక్కన నిలబడి ఆ పైపు అతుకు వైపే చూస్తూ ఉండిపోయాడు. నేను చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చాను. దారిలో ఒక్కటే మాట అన్నాడు, "నా బుర్ర కూడా మెల్లబడిందేమోనమ్మా."

అన్నయ్య ఆ వారమంతా నాన్నతో మాట్లాడలేదు. ఒకసారి నా మిషన్ దగ్గరికొచ్చి, ఒక కుళాయి కోసం నా పొట్ట కొట్టాడే అన్నాడు. నేను తల వంచుకుని కుట్టుకుంటున్నాను.

ఆర్డరు లేకుండా తూము ఎత్తినందుకు నాన్నని సస్పెండ్ చేశారు. రెండేళ్ళ సర్వీసు మిగిలుండగానే ఇంటికి పంపించేశారు. ఇంటికి అనకూడదు, ఆ ఇల్లు కూడా వాళ్ళదే కదా. పదిహేను రోజుల్లో క్వార్టర్స్ ఖాళీ చెయ్యమన్నారు. కింద ప్లాట్లలో, మిల్లుకి దగ్గరగా, ఒక పెంకుటింట్లో రెండు గదులు దొరికాయి. నాన్న వద్దు, ఇంకెక్కడైనా చూద్దాం అన్నాడు. ఎందుకు వద్దో చెప్పబోయి ఆగిపోయాడు. చెబితే అందరం ఆ కుళాయి గుంటే తలుచుకుంటామని ఆయనకి తెలుసు. సామాను మూడు ట్రిప్పులు మోశాం. ట్రంకు పెట్టె నేను పట్టుకున్నాను. వానలు దండిగా కురిసి డ్యామ్ మళ్ళీ అంచు దాకా నిండింది. బోట్లు మళ్ళీ తిరిగాయి, అన్నయ్య మళ్ళీ ఈల వేసుకున్నాడు. అమ్మ కొట్టు కూడా మళ్ళీ తెరిచింది. నాన్న అరుగు మీద కూర్చునేవాడు. అడిగితే మాట్లాడేవాడు, లేకపోతే లేదు.

వానలు తగ్గుముఖం పడుతున్నప్పుడు మిల్లు తెరిచారు. సగం మందినే తీసుకున్నారు. ఆ సగంలో అన్నయ్య లేడు.

తెరిచిన మర్నాడు పొద్దున అమ్మ పొయ్యి దగ్గరుంది, నేను వాకిలి ఊడుస్తున్నాను. అన్నయ్య బోట్ల దగ్గరికి వెళ్ళడానికి చెప్పులేసుకుంటున్నాడు. సైరన్ మోగింది. ఎన్నో నెలల తర్వాత, అదీ ఇంత దగ్గరగా. అరుగు మీద నాన్న పెదవులు కదిలాయి. నేను ఊడుస్తూనే ఉన్నాను గానీ నా లోపల కూడా అంకెలు వాటంతటవే పరిగెడుతున్నాయి. సైరన్ ఆగింది. నేను చీపురు పట్టుకుని నాన్న వైపు చూశాను.

"నలభై ఎనిమిది," అన్నాడు.

నాకూ అంతే వచ్చింది. ఇంజనీరు ముందు ఆ అంకె చెప్పిన రోజు ఆయన మొహం ఎలా ఉందో గుర్తొచ్చింది. దాని వెనకాలే ఇంకేదో గుర్తొచ్చింది. చీపురు అక్కడే పడేసి లోపలికి పోయి ట్రంకు పెట్టె తెరిచాను. అడుగున ఉన్న పుస్తకాల్లో ఒకదాని వెనక అట్ట మీద, నా రెండో తరగతి చేతిరాత, ఒక్కో అక్షరం ఒక్కో సైజులో: సైరన్ 48. సైరన్ 48. సైరన్ 46, నేను తప్పు. సైరన్ 48. అట్ట నిండా అదే. ఇంజనీరు ఆ రోజు ఆ పుస్తకం కూడా తిరగేశాడు. వెనక అట్ట ఎవరు చూస్తారు?

తెచ్చి నాన్న చేతిలో పెట్టాను. ఆయన చూసి, పక్కన పెట్టి, మళ్ళీ తీసి చూశాడు. అన్నయ్య ఒంటి కాలికి చెప్పుతో వచ్చి తొంగి చూశాడు. అతనికి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక ఎక్కువ బాధపడింది అతనే.

"సైరన్ ఆటోమేటిక్ నాన్నా," అన్నాడు మెల్లగా. "స్విచ్ వేస్తే సరిగ్గా నిమిషం మోగి దానంతటదే ఆగుతుంది. మేము వాచీలు దాంతోనే సరిచేసుకునేవాళ్ళం. నా చిన్నప్పటినుంచీ అదే మిషను."

అంటే నాన్న నిమిషం ఎప్పుడూ నలభై ఎనిమిదే. ఆయన మెల్లబడలేదు. మెల్లబడనప్పుడు ముప్పై మూడంటే ముప్పై మూడే, కట్టలో నీళ్ళు దారి చేసుకుంటున్నాయి. కుళాయి విషయంలో తప్పాడేమో గానీ ఊట విషయంలో తప్పలేదు. నేను సంతోషంతో ఎగిరి గంతేస్తాననుకున్నాను. గంతెయ్యకుండా కట్ట వైపు తిరిగి చూశాను. కట్ట అంచు దాకా నీళ్ళున్నాయి, మేం దాని కిందే ఉన్నాం, గొట్టం మీద బెంచీ ఉంది.

పుస్తకం పట్టుకుని ఆఫీసుకి వెళ్ళాం, నాన్నా నేనూ. ఆ ఇంజనీరు బదిలీ అయి వెళ్ళిపోయాడట. కొత్తాయన పుస్తకం అట్ట చూసి, ఇది ఏంటమ్మా, చిన్నపిల్లల రాత కదా అన్నాడు. అవును సార్, నాదే అన్నాను. ఆయనకి విషయమంతా చెప్పాను, రెండుసార్లు చెప్పాను. విన్నాడు. అర్జీ రాసివ్వమన్నాడు. రాసిచ్చాం. దాని మీద ముద్ర వేసి, రెండో కాపీ మాకిచ్చారు. అది కూడా ఇప్పుడు ట్రంకు పెట్టెలోనే ఉంది. ఆ తర్వాత ఇచ్చినవి మూడు, వాటి మీద కూడా ముద్రలున్నాయి. మనిషిని పంపించి చూపిస్తామన్నారు. మనిషి వచ్చి, కట్ట మీద నడిచి, బెంచీ మీద కూర్చుని, అమ్మ దగ్గర టీ తాగి వెళ్ళాడు.

ఇల్లు మారదామని నాన్న అంటే అన్నయ్య తల ఊపాడు. ఊపి, కూలబడి, "నేనిప్పుడు పని మానెయ్యనా నాన్నా? చెప్పు, నువ్వు మానెయ్యమంటే మానేస్తాను," అన్నాడు.

మిల్లు తీసుకోలేదు. ఇంకో పని లేదు. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది, అమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. మానెయ్యమని నాన్న అనలేకపోయాడు. వెళ్ళమని కూడా అనలేకపోయాడు.

"జాకెట్ వేసుకుని పో," అన్నాడు.

ఇది జరిగి నాలుగేళ్ళు. కట్ట నిలబడే ఉంది. వేరే ఇల్లు కుదరక మేం ఇంకా దాని కిందే ఉన్నాం. ఆదివారాలు జనం ఇప్పుడు ఇంకా ఎక్కువ. అన్నయ్య నేను కుట్టిన జాకెట్ వేసుకునే బోటు ఎక్కుతాడు, నవ్వేవాళ్ళు నవ్వుతారు. వాన గట్టిగా పడితే మేం నలుగురం నిద్రపోం, అయినా దాని గురించి ఒక్క మాట మాట్లాడుకోం.

నాన్న మాత్రం రోజూ ఆరింటికి అరుగు మీదకొచ్చి సైరన్ లెక్కపెడతాడు. తన లెక్క నిజమని రుజువు చేసుకోవడానికని నేను చాలాకాలం అనుకున్నాను. కాదు. ఒక్కసారి నలభై నాలుగో, యాభై రెండో వస్తే బాగుండునని చూస్తున్నాడు. వస్తే తన లెక్క నిలకడలేనిదని తేలిపోతుంది. అప్పుడు కట్ట బాగానే ఉందని నమ్మొచ్చు, పొద్దున్నే కొడుకుని పనిలోకి పంపించి తిన్న అన్నం అరిగించుకోవచ్చు.

ఇవాళ పొద్దున సైరన్ ఆగాక నేనేమీ అడగలేదు. ఆయనే నా వైపు తిరిగి, ఏదో తప్పు చేసినవాడిలా, "నలభై ఎనిమిదేనమ్మా," అన్నాడు. అప్పటికే అన్నయ్య జాకెట్ చంకన పెట్టుకుని వీధి మలుపు తిరిగాడు.